దారం వదిలిన నోరు

పదకొండేండ్లుగా నా నోట్లో దారముండాది.
మనామాలో, గుదైబియా సందు చివర
రెండు కుర్చీల పార్లరు.
ఒక కొస పండ్ల మధ్య, తక్కినదంతా వేళ్ళ మధ్య.
నేను వంగి కనుబొమలు తీస్తా ఉంటే
వాళ్ళు మొగుళ్ళ గురించి, అద్దెల గురించి చెప్తారు.
ఊఁ అంటాను, ముక్కుతో.
దారం కరిచినోళ్ళకు అంతకంటే మాట రాదు.

అట్ల వంగినప్పుడే ఒక పిల్ల ఫోన్లో
తలకిందులుగా కనబడినాడు తేయూల్.
కుర్చీ వెనక నిలబడితే లోకమంతా తలకిందులే.
ఐదుగురిలో చివరోడు.
ఎడమ కనుబొమ కొసన రెండు వెంట్రుకలు వరస తప్పినాయి.
తీసినోళ్ళెవరో తొందరపడినారు.
ఆ రాత్రి ఆ రెండు వెంట్రుకల కోసమే వెతికినాను,
పాట దొరికినాక వాటిని మర్చిపోయినాను.

బ్యోల్‌గిల్ అంటే చుక్కల దోవంట.
వాళ్ళ మాటలో నా అంటే నేను.
మన మాటలో నా అంటే నాది.
ఆ ఒక్క అక్షరం పట్టుకొని మూడేండ్లు
వాళ్ళ పాటల్లో తిరిగినాను,
సంతలో తెలిసిన మొకం కోసం తిరిగినట్ల.

టికెట్టు ముప్పై ఎనిమిది దినార్లు.
బిస్కట్ల డబ్బాలో టిప్పులు, ఒకటిన్నర ఏడాదివి.
పంటినొప్పి అని చెప్పినా మడాముతో.
పంటితో బతికేదాన్ని గదా, నమ్మింది.

సఖీర్ ఎడారిలో రాళ్ళ నడుమ స్టేజి.
గేటు కాడ క్యూలో అందరూ అందరికీ ఏదో ఒకటి ఇస్తా ఉండారు,
ఫోటో కార్డు, పూసల గాజు, స్టిక్కరు అంటించిన చాక్లెట్టు.
వంతెన దాటి సౌదీ నుంచి వచ్చిన అక్కాచెల్లెండ్లు
పూసలు గుచ్చడానికి నా పేరడిగినారు.
దస్తగిరమ్మ.
వాళ్ళ డబ్బాలో అన్ని అక్షరాలు లేవు.
దస్తీ అని గుచ్చినారు.
రాయచోటిలో దస్తీ అంటే చేతిగుడ్డ,
చెప్పలేదు. చెయ్యి చాపి కట్టించుకున్నాను.

తిరిగి ఇయ్యను నా కాడ ఏముంది?
సంచిలో దారపు ఉండ.
ఇసుకగాలిలో, ఇనుప కటకటాలకు ఆనుకొని
ముగ్గురు ఫిలిప్పీను నర్సులకు, ఒక మలయాళీ పిల్లకు
కనుబొమలు తీసినాను.
దుడ్లు వద్దన్నాను.
చూస్తే క్యూలో ఇంకో క్యూ.

లైట్లారినాయి.
అందరి చేతికర్రల్లో దీపాలు ఒక్కసారి నీలమైనాయి,
ఒక్కసారి గులాబీ.
నాది సెకండ్ హ్యాండుది, ఎవరి మాటా వినలేదు,
తెల్లగానే మినుకుతా ఉండాది.

వాళ్ళొచ్చినారు. అంత దూరం నుంచి చీమలంత.
నేల అదిరింది, పక్క పిల్ల ఏడ్చింది.
నాకు మాత్రం అరవడం రాలేదు.
నోరు తెరిస్తే దారం జారిపోతాదని
పండ్లు వాటంతటవే కరుచుకొని ఉండాయి.
మూడో పాటకు గానీ తెలియలేదు,
అక్కడ దారం లేదని.

ఐదు పేర్లు వరసగా పిలవాల. నాలుగైనాయి.
ఐదోది నా గొంతు నుంచే వచ్చింది,
మా అవ్వ గుట్ట మీద గొర్రెలను మళ్ళేసే కేక,
అది నాలో ఉందని నాకే తెలియదు.
ముందు వరస వెనక్కి తిరిగి చూసింది.
ఇంకోసారి అరిచినాను.
వాడు నా అని ఎత్తుకుంటే నేనూ నా అన్నాను,
ఎవరి అర్థం వాళ్ళది.

పెద్ద తెర మీద మొకం దగ్గరికొచ్చినప్పుడు చూసినాను,
ఆ రెండు వెంట్రుకలు లేవు.
ఎవరో సరిచేసినారు.
కొంచెం ఎక్కువే తీసినారు.

పొద్దున పదికి పార్లరు తెరిచినాము.
పన్ను పీకించుకున్నావా అని మడాము.
గొంతు పోయింది, తలూపినాను.
పాపం, డబ్బీలోంచి లవంగం తీసిచ్చింది.
దవడ కింద పెట్టుకొని
తొలి కస్టమరు మీదికి వంగినాను.
దారం కరిచినాను.
ఆమె కండ్లు మూసుకొని అద్దె పెంచినారని చెప్తా ఉంటే
నా మణికట్టు మీద పూసలు
ఆమె నొసటికి తగిలి టిక్కుమంటా ఉండాయి.